గోదావరి వరద పట్టికకు రంగులు: సూత్రం వ్రాసే విధానం, ఖాళీ గడి వల్ల కలిగే ప్రమాదం

ఆషాఢం దాటి శ్రావణం ప్రవేశించేసరికి యానాం పరిసరాలలోని ప్రతి ఇంటా ఒకే ప్రశ్న వినిపిస్తుంది: "ధవళేశ్వరం ఎంత ఉందిట?" గౌతమికి ఈ ఒడ్డున పుదుచ్చేరి ప్రభుత్వపు యానాం, ఆ ఒడ్డున ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఎదుర్లంక. పాలనలు వేరైనా నీరు ఒక్కటే. ఆనకట్ట వద్ద మట్టం కొలిచే వారు ఆంధ్రప్రదేశ్ నీటిపారుదల శాఖవారు. ఇళ్ళు ఖాళీ చేయమని యానాంలో చెప్పవలసినవారు పుదుచ్చేరి అధికారులు. ఈ రెండింటి నడుమ ఉన్న కుటుంబాలకు టీవీలోను, ఫోనులోను అంకెలు వచ్చి పడుతూనే ఉంటాయి. ఆ అంకెలను ఒకచోట వ్రాసి, ప్రమాదం పెరిగిన కొద్దీ గడి రంగు దానంతట అదే మారేటట్లు చేసుకొనే ఉపాయం ఎక్సెల్ వంటి లెక్కల పట్టికలలో ఉన్నది. దాని పేరు కండిషనల్ ఫార్మాటింగ్. నియమాన్ని బట్టి రంగు అని మనం చెప్పుకోవచ్చు.

ఈ ఉపాయం కొత్తదేమీ కాదు. ఎక్సెల్ 2003లోను, అంతకు ముందు వచ్చిన కూర్పులలోను ఒక గడికి మూడు నియమాలు మాత్రమే పెట్టే వీలుండేది. 2007 నాటి ఎక్సెల్‌తో ఆ పరిమితి తొలగిపోయింది. నేడు ఉచితంగా లభించే లిబ్రే ఆఫీసులోను, గూగుల్ షీట్స్‌లోను ఇదే పని చేసుకోవచ్చు. పిల్లలు కళాశాలలో మార్కుల జాబితాకో, దుకాణదారులు బాకీల పద్దుకో దీనిని వాడుతూనే ఉన్నారు. అయితే మార్కుల జాబితాలో రంగు తప్పితే నవ్వుకొని ఊరుకుంటాము. వరద పట్టికలో రంగు తప్పితే ధాన్యం బస్తాలు తడుస్తాయి, పశువులు కొట్టంలోనే ఉండిపోతాయి. కనుక ఈ వ్యాసంలో రంగు వేయడం కంటె, రంగు అబద్ధమాడకుండా చూచుకోవడం గురించే ఎక్కువ చెప్పవలసి ఉన్నది.

ముందుగా అంకెలు. ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజి నీటిమట్టం 11.75 అడుగులు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరికను, 13.75 అడుగుల వద్ద రెండవ హెచ్చరికను, 17.75 అడుగుల వద్ద మూడవ హెచ్చరికను జారీ చేస్తారు. ప్రవాహంగా చూస్తే ఇవి సుమారు 10 లక్షల, 13 లక్షల, 17 లక్షల క్యూసెక్కులు. ఎగువన భద్రాచలంలో ఇవే హెచ్చరికలు 43, 48, 53 అడుగుల వద్ద ఉంటాయి. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద నీరు 75.6 అడుగులకు ఎక్కింది. ఆనాడు ధవళేశ్వరం నుండి 35 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి పోయింది. ఆ తరువాత అంతటి ఉగ్రరూపాన్ని 2022 జూలైలో చూశాము. భద్రాచలం 71.3 అడుగులు, ధవళేశ్వరం ప్రవాహం 25 లక్షలు దాటింది. యానాంలో పల్లపు కాలనీలు నీట మునిగాయి. ఆ నాలుగు రోజులూ చాలా ఇళ్ళలో అంకెలు కాగితం ముక్కల మీద, క్యాలెండరు వెనుక, పిల్లల నోటు పుస్తకాల చివరి పేజీలలో వ్రాసుకున్నవే. ఇప్పుడు వెతికితే ఒక్కటీ దొరకదు.

ఒక చిన్న మనవి. ఈ పత్రికలో సూత్రాలను తెలుగు లిపిలోనే అచ్చు వేస్తున్నాము. టైపు చేసేటప్పుడు ఎ, బి, సి, డి, ఇ, జి అన్న చోట ఆంగ్ల అక్షరాలను, ఇఫ్, యాండ్, ఆర్, నౌ, ఈజ్‌టెక్స్ట్, ఈజ్‌నంబర్ అన్న చోట ఆంగ్ల పదాలను నడుమ ఖాళీ లేకుండా కొట్టాలి. కామాలు, కుండలీకరణాలు, డాలరు గుర్తులు ఉన్నవి ఉన్నట్లే.

పట్టిక ఇలా గీసుకోండి. మొదటి అడ్డవరుసలో శీర్షికలు. ఎ నిలువు వరుసలో తేదీ, వేళ కలిపి. బి వరుసలో ధవళేశ్వరం మట్టం అడుగులలో. సి వరుసలో క్రితం కొలతకు, దీనికి తేడా. డి వరుసలో హెచ్చరిక పేరు మాటలలో. ఇ వరుసలో భద్రాచలం మట్టం. ఎ వరుసలో రాబోయే రోజుల వేళలను ముందుగానే నింపి ఉంచండి. ఉదయం 6, మధ్యాహ్నం 12, సాయంత్రం 6, అర్ధరాత్రి 12, ఇలా ఆరేసి గంటలకు ఒకటి. ముందుగా నింపమనడానికి కారణం కొంచెం తరువాత తెలుస్తుంది.

ఇక మొదటి నియమం. ఎ2 గడి నుండి బి200 వరకు మౌస్‌తో లాగి ఎంచుకోండి. లాగడం ఎ2 వద్దనే మొదలు కావాలి. ఎక్సెల్‌లో హోమ్ ట్యాబ్‌లోని కండిషనల్ ఫార్మాటింగ్ నొక్కి, న్యూ రూల్ తీసి, అక్కడి జాబితాలో చివరిదైన 'యూజ్ ఎ ఫార్ములా' అని మొదలయ్యే వాక్యాన్ని ఎన్నుకోవాలి. లిబ్రే ఆఫీసులో ఫార్మాట్ మెనూలోని కండిషనల్ క్రింద 'ఫార్ములా ఈజ్', గూగుల్ షీట్స్‌లో ఫార్మాట్ మెనూలోని కండిషనల్ ఫార్మాటింగ్ క్రింద 'కస్టమ్ ఫార్ములా ఈజ్' అని ఉంటుంది. వచ్చిన పెట్టెలో ఇలా వ్రాయండి:

=$బి2>=11.75

రంగు పసుపు ఎన్నుకొని సరే అనండి. బి వరుసలో 12 అని వ్రాసి చూడండి, ఆ అడ్డవరుసలోని రెండు గడులూ పసుపు అవుతాయి.

ఇందులోని డాలరు గుర్తు డబ్బుకు సంబంధించినది కాదు, గొళ్ళెం. బి ముందు డాలరు పెట్టినందున, వేళ ఉన్న ఎ గడికి రంగు నిర్ణయించేటప్పుడు కూడా కంప్యూటరు బి గడినే చూస్తుంది. 2 ముందు డాలరు పెట్టనందున అడ్డవరుస మాత్రం కదులుతూ పోతుంది. మూడవ వరుసకు బి3, నాలుగవదానికి బి4. అందుచేత సూత్రంలో వ్రాసే అంకె, ఎంపికలోని మొట్టమొదటి అడ్డవరుస అంకె ఒకటిగా ఉండి తీరాలి. శీర్షికతో కలిపి ఎ1 నుండి లాగి, సూత్రంలో మాత్రం బి2 అని వ్రాశారనుకోండి. అప్పుడు ప్రతి వరుసా తన క్రింది వరుస రంగును ధరిస్తుంది. అర్ధరాత్రి వచ్చిన ప్రమాదపు మట్టానికి సాయంత్రపు గడి ఎర్రబడి, అర్ధరాత్రి గడి తెల్లగా మిగిలిపోతుంది. పట్టికలో రంగులు కనబడుతూనే ఉంటాయి గనుక తప్పు జరిగినట్లు ఎవరికీ తోచదు.

ఇదే విధంగా 13.75కు నారింజ, 17.75కు ఎరుపు నియమాలు చేర్చండి. ఇక్కడ వరుస క్రమం ముఖ్యం. మట్టం 18 అడుగులు ఉన్నప్పుడు మూడు నియమాలూ నిజమే కదా. జాబితాలో పైనున్న నియమానిదే పైచేయి. కనుక ఎరుపు పైన, దాని క్రింద నారింజ, అట్టడుగున పసుపు ఉండాలి. ఎక్సెల్‌లో క్రొత్తగా చేర్చిన నియమం జాబితాకు పైన చేరుతుంది. పసుపుతో మొదలుపెట్టి ఎరుపుతో ముగిస్తే క్రమం దానంతట అదే కుదురుతుంది. క్రమం తారుమారైతే మేనేజ్ రూల్స్ లోనికి వెళ్ళి బాణం గుర్తులతో సర్దుకోవచ్చు.

ఇంతవరకు చేసినవారు సాధారణంగా మరొక నియమం చేర్చి సంతోషిస్తారు. 11.75 కంటె తక్కువైతే ఆకుపచ్చ. చూడడానికి ఎంతో హాయిగా ఉంటుంది. నా అభిప్రాయంలో వరద పట్టికలో పెట్టకూడని రంగు ఏదైనా ఉంటే అది ఆకుపచ్చయే. కారణం వినండి. లెక్కల పట్టికలో ఏమీ వ్రాయని గడిని పోల్చేటప్పుడు కంప్యూటరు దానిని సున్నగా భావిస్తుంది. సున్న 11.75 కంటె తక్కువే గనుక ఖాళీ గడి పచ్చగా నవ్వుతుంది. కరెంటు పోయి, టవరు పనిచేయక, రాత్రి రెండు కొలతలు అందలేదనుకోండి. సమాచారం తెలియని ఆ రెండు వేళలూ పట్టికలో క్షేమంగా కనబడతాయి. నది వద్ద వార్త లేకపోవడం మంచి వార్త కాదు. వరద ఉద్ధృతంగా ఉన్న వేళల్లోనే సమాచారం తెగిపోవడం మన ప్రాంతంలో అందరికీ అనుభవమే.

పైగా, ధవళేశ్వరంలో మట్టం తక్కువగా ఉన్నంత మాత్రాన యానాం వీధులు పొడిగా ఉంటాయన్న హామీ లేదు. స్థానికంగా కుంభవృష్టి కురిసినా, సముద్రం పోటు మీద ఉండి మురుగు కాలువల నీరు దిగకపోయినా ముంపు వస్తుంది. ఆ సంగతులేవీ ఈ పట్టికకు తెలియవు. తెలియని విషయంలో అభయమివ్వడం దానికి తగదు. హెచ్చరిక లేని గడిని తెల్లగానే వదలండి.

ఆకుపచ్చకు బదులుగా బూడిద రంగు నియమం ఒకటి పెట్టుకోవాలి. ఈ వ్యాసంలోని సూత్రాలన్నిటిలోను నేను మిక్కిలి విలువైనదిగా ఎంచేది ఇదే:

=యాండ్($ఎ2<>"",$ఎ2<నౌ(),$బి2="")

దీని అర్థం: వేళ వ్రాసి ఉన్నది, ఆ వేళ దాటిపోయింది, అయినా మట్టం వ్రాయలేదు. ఈ మూడూ ఒక్కసారే నిజమైతే గడి బూడిద రంగుకు తిరుగుతుంది. వేళలను ముందుగా నింపమన్నది ఇందుకే. రాబోయే వేళల గడులు తెల్లగా ఉంటాయి; దాటిపోయి, కొలత అందనివి మాత్రమే బూడిదబారుతాయి. ఉదయం పట్టిక తెరచిన వ్యక్తికి "ఎవరో ఒకరు ఫోను చేసి కనుక్కోవాలి" అన్న సంగతి అంకె చదవకుండానే తెలుస్తుంది. నౌ అన్నది కంప్యూటరు గడియారంలోని ప్రస్తుత సమయం. పట్టికను తెరచినప్పుడో, అందులో ఏదైనా మార్చినప్పుడో అది తాజా అవుతుంది. ఎప్పుడో తెరచి వదిలేసిన పట్టికను నమ్ముకోరాదు, మూసి మళ్ళీ తెరవండి. కంప్యూటరు గడియారం, తేదీ సరిగ్గా ఉన్నవో లేవో కూడా ఒకసారి చూచుకోండి.

రెండవ గండం ఇంతకంటె చిత్రమైనది. ఎవరో ఉత్సాహంగా బి గడిలో "12.5 అడుగులు" అని వ్రాస్తారు. చూచేవారికి అది అంకెయే, కంప్యూటరుకు మాత్రం అది మాట. మాటను అంకెతో పోల్చవలసి వస్తే ఈ పట్టికల లెక్క ప్రకారం మాటయే ఎప్పుడూ పెద్దది. కనుక "9 అడుగులు" అని వ్రాసినా గడి ఎర్రబడుతుంది. ఒకటి రెండుసార్లు ఇలా ఉత్తుత్తి ఎరుపు కనబడిందంటే, మూడవసారి నిజమైన ఎరుపును ఇంట్లో ఎవరూ లెక్కచేయరు. దీనికి విరుగుడు ఊదా రంగు నియమం:

=ఆర్(ఈజ్‌టెక్స్ట్($ఎ2),ఈజ్‌టెక్స్ట్($బి2))

ఊదా కనబడితే అర్థం, వ్రాసిన తీరు తప్పు, సరిచేయండి అని. ఇది మిగిలిన అన్ని నియమాల కంటె పైన ఉండాలి. దాని క్రింద బూడిద, ఆ పైన చెప్పిన మూడు హెచ్చరికల రంగులు. తేదీ విషయంలోనూ ఇది ఉపకరిస్తుంది. కొన్ని కంప్యూటర్లలో అమెరికా పద్ధతి అమర్చి ఉంటుంది, అంటే నెల ముందు, రోజు వెనుక. అటువంటిదానిలో 16/07/2022 అని కొడితే పదహారవ నెల లేదు గనుక అది మాటగా మిగిలిపోతుంది, గడి ఊదా అవుతుంది. కాని 07/08 అని కొడితే ఆగస్టు 7 కాస్తా చప్పుడు చేయకుండా జూలై 8 అయిపోతుంది. దానిని ఏ రంగూ పట్టుకోలేదు. నెల పేరు కనబడేటట్లు తేదీ రూపాన్ని మార్చుకొంటే కంటికి దొరుకుతుంది.

అడుగులు, అంగుళాల సంగతి మరొకటి. 11.75 అంటే పదకొండు అడుగుల డెబ్బదియైదు అంగుళాలు కాదు, పదకొండు అడుగుల తొమ్మిది అంగుళాలు. అధికారిక ప్రకటనలు దశాంశాలలో వస్తాయి, ఊళ్ళో నోటిమాట అంగుళాలలో సాగుతుంది. "పదకొండు అడుగుల పది అంగుళాలుట" అని ఫోనులో విన్నవారు 11.10 అని వ్రాశారనుకోండి. కంప్యూటరు దానిని 11.1గా తీసుకొంటుంది. హెచ్చరిక మట్టానికి చాలా దిగువన ఉన్నట్లు తెల్లగా కూర్చుంటుంది. నిజానికి ఆ మట్టం 11.83 అడుగులు, మొదటి హెచ్చరిక దాటిపోయింది. అంగుళాలలో విన్నప్పుడు గడిలో నేరుగా =11+10/12 అని వ్రాయండి, భాగహారం కంప్యూటరు చేసుకొంటుంది.

నీరు ఎంత ఉన్నది అన్నదానితో పాటు ఎంత వేగంగా ఎక్కుతున్నది అన్నదీ తెలియాలి. 13 అడుగుల వద్ద నిలకడగా ఉన్న నది వేరు, 12 అడుగుల వద్ద ఉరుకుతున్న నది వేరు. సి3 గడిలో ఇలా వ్రాసి క్రిందికి లాగండి:

=ఇఫ్(ఆర్(బి2="",బి3=""),"",బి3-బి2)

రెండు కొలతలూ ఉంటేనే తేడా చూపుతుంది, ఏది లేకపోయినా ఊరుకుంటుంది. ఇక సి3 నుండి సి200 వరకు ఎంచుకొని నీలం రంగుకు ఈ నియమం పెట్టండి:

=యాండ్(ఈజ్‌నంబర్($సి3),$సి3>=0.5)

ఆరు గంటలలో అర అడుగు పెరిగితే నీలం. ఈ అర అడుగు నేను ఉదాహరణకు ఎంచుకొన్నది మాత్రమే, మీ అనుభవాన్ని బట్టి మార్చుకోండి. ఈజ్‌నంబర్ ఎందుకంటారా? పై సూత్రం ఊరుకొన్న చోట గడిలో మిగిలేది కంటికి కనబడని మాట. అంకె కంటె మాట పెద్దదని ఇందాకనే చెప్పుకొన్నాము. ఆ జాగ్రత్త లేకపోతే కొలత లేని వరుసలన్నీ నీలమైపోతాయి.

డి వరుసలో హెచ్చరికను మాటలలో వ్రాయించడం అలంకారం కోసం కాదు. పురుషులలో కొందరికి పుట్టుకతోనే ఎరుపు, ఆకుపచ్చల భేదం సరిగా తెలియదు. అట్టివారిలో చాలామందికి ఆ సంగతే తెలియదు. నలుపు తెలుపు ప్రింటరులో అచ్చు తీస్తే నారింజ, ఎరుపు రెండూ ఒకే మసి రంగు. డి2లో ఇలా వ్రాయండి:

=ఇఫ్(ఈజ్‌నంబర్(బి2),ఇఫ్(బి2>=17.75,"మూడవ హెచ్చరిక",ఇఫ్(బి2>=13.75,"రెండవ హెచ్చరిక",ఇఫ్(బి2>=11.75,"మొదటి హెచ్చరిక","హెచ్చరిక లేదు"))),"కొలత లేదు")

కొటేషను గుర్తుల నడుమ తెలుగును కంప్యూటరు చక్కగా అంగీకరిస్తుంది.

భద్రాచలం మట్టం వ్రాసే ఇ వరుసకు నియమాలు విడిగా పెట్టాలి: =$ఇ2>=43, 48, 53. ధవళేశ్వరం హద్దులనే అక్కడా వాడితే 20 అడుగుల మామూలు మట్టం కూడా ఎర్రబడుతుంది. భద్రాచలంలో పెరిగిన నీరే కొంత వ్యవధి తరువాత ధవళేశ్వరం చేరుతుంది గనుక ఈ వరుస మనకు ముందుచూపు వంటిది. అయితే దానిమీదనే భారం వేయరాదు. శబరి నది భద్రాచలానికి దిగువన, కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది. శబరి పోటెత్తితే ఆ నీరు భద్రాచలం కొలతలో పూర్తిగా కనబడదు.

ఇక చివరిగా, ప్రతి కుటుంబమూ తనంతట తాను నింపుకోవలసిన గడి ఒకటి ఉన్నది. 11.75, 13.75, 17.75 అన్నవి బ్యారేజికి సంబంధించిన అంకెలు, మీ వాకిలికి సంబంధించినవి కావు. ఫ్రాన్స్‌తిప్పలో ఏటి ఒడ్డునున్న ఇంటికీ, కొంచెం మెరక మీదనున్న ఇంటికీ నీరు వచ్చే మట్టం ఒకటి కాదు. 2020 ఆగస్టులోను, 2022 జూలైలోను ధవళేశ్వరం మూడవ హెచ్చరిక దాటింది. ఆ రోజుల్లో మీ వీధిలోకి నీరు ఎప్పుడు వచ్చింది, గడపను ఎప్పుడు తాకింది, అప్పుడు ధవళేశ్వరంలో ఎంత ఉన్నదని ఇంట్లో పెద్దలను అడగండి. నాటి వార్తాపత్రికల సంచికలతో సరిచూడండి. తేలిన అంకెలో సామాను పైకెక్కించడానికి, పశువులను తోలుకుపోవడానికి కావలసిన వ్యవధికి సరిపడా తగ్గించి జి1 గడిలో వ్రాయండి. డి2 నుండి డి200 వరకు ఎంచుకొని ఈ నియమం పెట్టండి:

=యాండ్(ఈజ్‌నంబర్($బి2),$బి2>=$జి$1)

ఇక్కడ జికి, 1కి రెండింటికీ గొళ్ళెం వేశాము. ఏ వరుస నుండి చూచినా ఆ ఒక్క గడినే చూడాలి కదా. వచ్చే ఏడు కరకట్టయో, రోడ్డో ఎత్తు పెంచితే సూత్రాలను ముట్టుకోకుండా జి1లో అంకె మార్చుకొంటే చాలు. అధికారులు ముందే కదలమంటే మాత్రం జి1 కోసం వేచి ఉండకూడదు.

పట్టికను గూగుల్ షీట్స్‌లో పెడితే ఎదుర్లంకలోని వియ్యాలవారు, కాకినాడలో చదువుకొంటున్న పిల్లలు, గల్ఫులో ఉన్న అన్నదమ్ములు ఒకేసారి చూడగలుగుతారు. వ్రాసే అధికారం ఇద్దరికి మించి ఇవ్వకండి, ఒకరు నిద్రపోతే మరొకరు వ్రాయడానికి. మిగిలినవారికి చూచే అనుమతి మాత్రమే. వాడకంలో పెట్టే ముందు ఒక నకలు తీసుకొని బి వరుసలో వరుసగా 11.74, 11.75, 13.75, 17.75, "9 అడుగులు", ఒక ఖాళీ వ్రాసి చూడండి. తెలుపు, పసుపు, నారింజ, ఎరుపు, ఊదా, బూడిద, ఈ క్రమంలో రావాలి. ఖాళీ పరీక్షకు మాత్రం ఎ వరుసలో నిన్నటి వేళ వేయడం మరువకండి. పరీక్ష అయ్యాక నకలును చెరిపివేసి, అసలు పట్టికను జూన్ నెలాఖరులోనే సిద్ధం చేసి ఉంచండి.